అవతలి పక్క మాట

ఆ ఏడు విత్తనం వేసినప్పుడు పడిన వానే వాన. తర్వాత మబ్బులు వచ్చాయి, మా ఊరి మీదుగా బళ్లారి పక్కకు పోయాయి. వేరుశనగ చెట్టు పీకితే రెండు కాయలు, అందులో ఒకటి తాలు. ఊరి ఆశంతా సాళ్ల నడుమ విత్తిన కంది మీదికి వచ్చి నిలబడింది. కందికి వేరు లోతు, ఎట్లాగో బతుకుతుంది. కార్తీకం నాటికి వేరుశనగ పీకేసిన చేలల్లో కంది ఒక్కటే పసుప్పచ్చ పూతతో నిలబడి ఉంటే, చూసినవాళ్లకు కడుపు నిండినట్టుండేది. నాకు మాత్రం ఆ పూత చూస్తే భయం. మాది గొర్రెల ఇల్లు. గొర్రెకు కంది పూత రుచి తగిలిందంటే ఇక కాపరి అరుపు చెవికెక్కదు.

భయపడడం నాకు కొత్త కాదు. మా ఆయన నరసింహప్ప మందను తోలుకుని గుట్ట ఎక్కితే పాము గుర్తొస్తుంది. ఫోన్ మోగితే ఎవరో పోయారనుకుంటాను. మా పాప హేమావతి తొమ్మిదో తరగతికి వచ్చి, రాయదుర్గం రోడ్డు మీదున్న హైస్కూలుకు రోజూ బస్సులో పోయి రావడం మొదలుపెట్టాక, సాయంత్రం ఆ బస్సు కనపడేదాకా నేను పొయ్యి ముట్టించేదాన్ని కాదు.

దానికి తోడు ఆ ఏడు సాంఘికం పుస్తకం ఒకటి ఇంట్లోకి వచ్చింది. అందులో ఒక పక్క ఇంగ్లీషు, ఎదురు పక్క తెలుగు ఉంటాయి. నేను ఐదు దాకా చదివాను. పాప ఇంగ్లీషు పక్క చదువుతుంటే నేను సంగటి కెలుకుతూ తెలుగు పక్క కూడబలుక్కునేదాన్ని. ఎన్నికలు, హక్కులు, పోలీసులు, న్యాయస్థానాలు. గొర్రెలు కాసుకునేవాళ్ల ఇంట్లో ఈ మాటలు పొద్దూకులా వినిపించడం నాకు మంచి శకునంగా తోచలేదు. మా నాయన కాలంలో కోర్టు అనే మాట ఇంట్లోకి వచ్చిందంటే పొలం బయటికి పోయినట్టే లెక్క.

ఒక శనివారం సంతకు పోతూ బడి దగ్గర దిగాను. తొమ్మిదో తరగతి కిటికీలోంచి చూద్దును కదా, ఎవరో ఒక పిల్ల టీచరు కుర్చీలో కూర్చుని ఉంది. మా హేమావతి దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఏదో చెబుతోంది. టీచరేమో వెనక బెంచీలో పిల్లల మధ్య ఒదిగి కూర్చుంది. మా పాప ఏం తప్పు చేసిందో అని కిటికీ దగ్గరే ఆగిపోయాను. టీచరమ్మే నన్ను చూసి బయటికి వచ్చింది. మల్లీశ్వరి మేడం, గుత్తి మనిషి, బక్కపలుచగా ఉంటుంది, గొంతు మాత్రం గంట. అది కోర్టు ఆట అని, కుర్చీలో ఉన్నది జడ్జి అని, మా పాప లాయరు అని చెప్పింది.

మాకు కోర్టులొద్దు మేడం, పాపకు లెక్కలు బాగా చెప్పించండి చాలు అన్నాను.

ఆమె నవ్వింది. "మీ ఊళ్లో ఇద్దరు తగువు పడితే ఎవరి మాట ముందు వింటారు మారెక్కా?"

"గట్టిగా అరిచినోళ్ల మాట."

"మరి అరవలేనోళ్లు?"

మా ఇంటాయన గుర్తొచ్చాడు. గొర్రెలను అదిలించడానికి తప్ప ఆయన గొంతు ఎత్తగా నేను వినలేదు.

*

సంత నుంచి వచ్చి వారం తిరక్కుండానే నేను భయపడ్డదే జరిగింది.

మా పక్క చేలకు ఒక కట్టుబాటు ఉంది. చేలోకి దిగే దోవకు తుమ్మకంప అడ్డం లాగి ఉంటే ఆ చేను మూసినట్టు. గొర్రె అటు ముఖం పెట్టకూడదు. రైతు కంప తీసి పక్కన పారేశాడంటే చేను విడిచినట్టు. అడగకుండానే మందను దించి రాలిన ఆకూ అలమూ మేపుకోవచ్చు. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు, కానీ మా తాతల నాటి నుంచి కంపే మాట, కంపే సంతకం. ఇంకొకడి చేను కంప కాపరి చెయ్యేసి తీశాడంటే వాడు దొంగతో సమానం.

ఆ పొద్దు మా ఆయన మందను గుట్ట దించుకుని వస్తుంటే ఓబుళేసు చేను దోవ తెరిచి ఉంది. ఇవతలి సగంలో కంది లేదు, వేరుశనగ పీకేసిన ఎర్రనేల. మందను దించాడు. అంతలో ఒక గొర్రె గట్టు పక్కన ఈనడానికి పడుకుంది. పిల్ల అడ్డం తిరిగి ఉందని ఈయన మోకాళ్ల మీద కూర్చుని దాని పని చూశాడు. పిల్ల బయటపడి, తల్లి దాన్ని నాకుతుంటే తల ఎత్తి చూశాడు. మంద లేదు. మిట్ట దాటి అవతలి సగంలో ఉంది. కంది పూతలో.

ఓబుళేసు వచ్చేసరికి కొన్ని సాళ్లు బోడి కట్టెలుగా మిగిలాయి. ఆయన ఈయన్ని కొట్టలేదు, తిట్టినంత తిట్టి, పొట్టేలును, రెండు సూడి గొర్రెలను తోలుకుపోయి తన దొడ్డిలో కట్టేసుకున్నాడు. పాలకేంద్రం ముందర అందరూ వింటుండగా, కంప వేసి ఉన్న చేను దోవ నరసింహప్పే తీసి మందను తోలాడని చెప్పాడు. వీడి గొర్రె ఇక ఊరి పొలిమేరలో అడుగు పెట్టకూడదు, వీడి మందను ఎవరూ చేలో నిలుపుకోకూడదు అన్నాడు. ఆదివారం ఊరి రచ్చకట్ట మీద తేల్చాలన్నాడు. కట్ట మీద తీర్పు చెప్పే ముగ్గురిలో ఓబుళేసు ఒకడు.

మందను నిలుపుకోవడం అంటే మా కూడు. కోతలయ్యాక రైతులు మమ్మల్ని పిలిచి రాత్రిళ్లు గొర్రెలను తమ చేలల్లో నిలుపుకుంటారు. పెంట పడి నేల బలపడుతుంది, మాకు గింజలు కొలుస్తారు. ఆ పిలుపు లేకపోతే మాలాంటివాళ్లకు ఒకటే దారి. మందను తోలుకుని బళ్లారి అవతల కాలువల కిందికి పోవడం. మా వీధిలో దాసప్ప వాళ్లు అప్పటికే మూట కట్టుకుంటున్నారు. పోతే మళ్లీ వానలకే రావడం.

మేము పోతే హేమావతి మాతోనే. ఎదిగిన ఆడపిల్లను ఎవరింట్లో వదిలిపోతాం? హాస్టలు సీట్లు జూన్‌లోనే నిండిపోయాయి.

ఆ సాయంత్రం నరసింహప్ప గొర్రె గిట్టలో ముల్లు తీస్తూ, కాలువల మీదికి పోదాం, ఆడ నీళ్లుండాయి, గడ్డి ఉండాది అన్నాడు.

పాప పుస్తకం మీది నుంచి తలెత్తింది. "ఆడ బడి ఉండాదా నాయనా?"

ఆయన ముల్లు కోసం ఇంకా వంగాడు. ముల్లు అప్పటికే నేల మీద పడి ఉంది.

*

శుక్రవారం నీళ్ల దగ్గర ఆంజినమ్మ నన్ను ఆపింది. వాళ్ల పిల్ల కూడా మా పాప తరగతే. ఆ మనిషికి ఎవరింట్లో ఏం మాడిందో మనకంటే ముందు వాసన తెలుస్తుంది. గొర్రెల తగువు బడి దాకా పోయిందంట, మీ మేడం పేర్లు మార్చి పిల్లల చేత ఆ తగువే కోర్టు ఆట ఆడించిందంట అని చెప్పింది. తర్వాత బిందె చంకకెత్తుకుని, తీరిగ్గా అసలు మాట చెప్పింది.

"మీ పాప ఓబుళేసు పక్క మాట్లాడిందంట. వాళ్ల నాయన మీదనే. ఇరగదీసిందంటప్పా. మా పిల్లకు ఏడుపొచ్చిందంట."

బస్సు వచ్చేదాకా నేను రోడ్డు మీదే నిలబడ్డాను. పాప దిగింది. బస్సు కదలకముందే అడగబోయి, కండక్టరు వింటాడని ఆగాను. కొంచెం దూరం నడిచాక చెయ్యి పట్టి నిలిపాను. మీ మేడం బలవంతం చేసిందా అని అడిగాను.

లేదంది. నీకిష్టం లేకుంటే ఈ తగువు వద్దు, ఇంకొకటి ఆడుకుందామని మేడం విడిగా పిలిచి అడిగిందట. ఏ పక్క కావాలో కూడా తననే ఎంచుకోమందట.

"ఎంచుకోమంటే మీ నాయన పక్క ఎంచుకోవా?"

"నాయన పక్క నాకు తెలుసు కదమ్మా. తెలియని పక్క కదా చదువుకోవల్సింది."

ఆ మాటకు నాకు కోపం వచ్చింది. ఓబుళేసు పక్క నీకేం తెలుసని మాట్లాడావే అన్నాను. దానికి అది, తెలుసుకోవడానికే వాళ్లింటికి పోయినానంది. వాళ్ల దొడ్లో రెండు కుక్కలున్నాయి. ఓబుళేసు చేతిలో ఎప్పుడూ కర్ర ఉంటుంది. నా కూతురు బస్సు దిగి, సంచీ భుజానేసుకుని, ఒక్కతే ఆ గడప ఎక్కింది.

ఓబుళేసు ఇంట్లో లేడట. ఆయన భార్య గంగక్క ఉందట. పాప వాకిట్లోనే నిలబడి, పెద్దమ్మా, మీకేం నష్టమైందో చెప్తావా, బడిలో చెప్పల్ల అని అడిగిందట. గంగక్క మొదట పొమ్మందట. తర్వాత కూర్చోబెట్టి, వానలు ఎగ్గొట్టిన రోజుల్లో కంది మొలకలకు తాను బిందెలతో నీళ్లు మోసి పోసిన సంగతి చెప్పిందట. చెబుతూ చెబుతూ ఏడ్చి, ఇంకొక మాట కూడా చెప్పిందట.

ఆ రోజు కంప తీసింది గంగక్కే. ఎండిన వేరుశనగ చెట్లు ట్రాక్టరుకు ఎత్తడానికి దోవ కావాలని తీసింది. ట్రాక్టరు పోయాక మళ్లీ అడ్డం లాగడం మరిచి ఇంటికి వచ్చేసింది. మొగుడు నరసింహప్ప మీద పడి అరుస్తుంటే నోరు రాలేదు. ఇప్పుడు చెబితే చంపుతాడని, చెప్పకుంటే పాపమని నిద్ర పట్టడం లేదట.

నాకు వెలుతురు వచ్చినట్టయింది. ఇంకేముంది, ఆదివారం కట్ట మీద ఆ మాట చెప్పేస్తే మనం బయటపడతాం అన్నాను.

"నేను చెప్పకూడదమ్మా."

"ఏం?"

"అది నేను చూసింది కాదు, విన్నది. ఇంకొకరి నోట విన్నమాట సాక్ష్యం కాదంట. చూసినోళ్లు, చేసినోళ్లు చెప్పల్ల. ఆమె నన్ను నమ్మి చెప్పింది. నేను కట్ట మీద అరిస్తే, ఆమె లేదంటే, ఇద్దరమూ అబద్ధాలోళ్లమవుతాం. ఆమెకు తన్నులు మిగుల్తాయి."

నీ బడి పోతాదే, నీ తొమ్మిదో తరగతి పోతాది అన్నాను. అది దానికి తెలియని సంగతి కాదు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ముక్కు ఎగబీల్చి, చున్నీతో తుడుచుకుని నడిచింది. నేను వెనకాల నడిచాను. మమ్మల్ని గట్టెక్కించే మాట నా కూతురి నోట్లో ఉంది, అది నోరు తెరవదు. కోపం రావాల్సిన చోట, ఏమో, దాని నడక చూస్తూ ఉండిపోయాను. ఈ పిల్ల నా కడుపున ఎట్లా పుట్టిందా అనిపించింది.

ఆ మాట నేను మా ఆయనకు చెప్పలేదు. చెబితే ఆయన కట్ట మీద పైకనేస్తాడని భయం. గంగక్క దగ్గరికి పోయి బతిమాలదామని రెండుసార్లు వీధి మలుపు దాకా వెళ్లి వచ్చాను. ఓబుళేసు చూస్తే ఆమెకు ఏమవుతుందో అని భయం. నా భయాలు ఎప్పుడూ నన్నే తినేవి. ఆ రెండు రోజులు మాత్రం గంగక్కకు దెబ్బ తగలకుండా అడ్డం నిలబడ్డాయి.

*

ఆదివారం పొద్దున పాలకేంద్రం పక్కనున్న కట్ట దగ్గర జనం పోగయ్యారు. కట్ట మీద నడుమ కుళ్లాయప్ప తాత, ఆయనకు ఒక పక్క ఇంకొక పెద్దమనిషి, ఇంకో పక్క ఎప్పటిలాగే ఓబుళేసు. కింద మగవాళ్లు. ఆడవాళ్లం పాలకేంద్రం గోడ వారన. అక్కడి నుంచి చూడవచ్చు, మాట్లాడే వాడుక లేదు. గంగక్క గోడ చివర, మా అందరికీ ఎడంగా నిలబడి ఉంది. నేను అటు చూడలేదు. చూస్తే నా ముఖంలో అంతా కనపడుతుందని.

నరసింహప్ప భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఓబుళేసు చెప్పాల్సింది చెప్పాడు. కంప వీడే తీశాడన్నాడు. కుళ్లాయప్ప తాత ఈయన్ని అడిగితే, దోవ తెరిచి ఉండె, కంప నేను తియ్యలేదు అని రెండే మాటలన్నాడు. ఎవరో, అవునవును, గొర్రెలే తీసుంటాయి అన్నారు. నవ్వులు. తాత గొంతు సవరించుకున్నాడు.

అప్పుడు నా పక్కన గాలి కదిలింది. పాప ముందుకు నడుస్తోంది. చున్నీ పట్టుకుని లాగాను. చున్నీ నా చేతిలోకి వచ్చేసింది, అది వెనక్కి చూడలేదు.

"తాతా, నేను మాట్లాడొచ్చా?"

మీ నాయన నోరు పడిపోయిందా మే అని ఎవరో అన్నారు. కుళ్లాయప్ప తాత చెయ్యి ఎత్తి ఆపాడు. చెప్పు, మీ నాయన పక్క చెప్పుకో అన్నాడు.

"నాయన పక్క కాదు తాతా. ముందు ఓబుళేసు పెద్దనాయన పక్క చెప్తా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. మాట అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది వాళ్లకు. ఓబుళేసు కర్ర పక్కన పెట్టి చూశాడు.

నా కూతురు నా కళ్ల ముందు నిలబడి మాట్లాడిన మాటలు నేను మరవలేదు. పెద్దనాయన వేరుశనగకు పెట్టింది తిరిగి రాలేదు, కందిని నమ్ముకున్నాడు అంది. మొలకలు వాడిపోతుంటే పెద్దమ్మ బిందెలతో నీళ్లు మోసి పోసింది, అది ఊళ్లో చాలామందికి తెలియదు అంది. గొర్రెలు తిన్నది ఆకు కాదు పూత, ఆకు తింటే చిగురు వస్తాది, ఈ ఏటికి ఆ పూత మళ్లీ రాదు అంది. తండ్రి వైపు తిరిగి, ఆగకుండా అంది:

"గొర్రె ఈనుతాండాదని నాయన కూచున్నాడు. అది నిజమే. కానీ మంద మీది నుంచి కన్ను తియ్యడం కాపరి తప్పే. ఆ తప్పు మాదే."

నరసింహప్ప తల వంచుకుని, ఔనన్నట్టు ఊపాడు. మన తప్పు మనమే ఒప్పుకున్నాక ఇక మిగిలేదేముంది? ఆంజినమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో ఆమెకే తెలియాలి. ఓబుళేసు ముఖం చూశాను. ఇన్నాళ్లూ అరిచి అరిచి చెప్పినా ఎవరికీ ఎక్కని తన బాధను ఎవరో మెత్తగా ఎత్తి అందరి ముందర పెట్టినట్టు, ఆ మనిషి నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"ఇంక రెండు మాటలుండాయి తాతా. పెద్దనాయన ఫిర్యాదు చేసిన మనిషి. తన తగువుకు తనే పైన కూచుని తీర్పు చెప్తే, అది న్యాయమైనా గూడ జనం నమ్మరు. ఈ ఒక్క తగువుకు ఆయన కింద కూచుంటే బాగుంటాది."

బడిలో నేర్పేది ఇదేనా అని ఒక గొంతు లేచింది. దానికి ఎవరూ వంత పలకలేదు. నేను కళ్లు మూసుకున్నాను. మళ్లీ తెరిచేసరికి ఓబుళేసు కట్ట దిగుతున్నాడు. మోకాలి నొప్పి మనిషి, చెయ్యి ఆనించుకుని మెల్లగా దిగి, నేల మీద, మా ఆయనకు బారెడు దూరంలో కూర్చున్నాడు.

"దిగితే పోయిందేముందిలే. ఎండ ఆడైనా ఈడైనా ఒకటే" అన్నాడు.

పాప రెండో మాట చెప్పింది. కంప నాయన తీశాడని పెద్దనాయన అంటాడు, తియ్యలేదని నాయన అంటాడు, ఆ పొద్దు చేను పక్క పోయినవాళ్లు ఎవరినీ ఇంతవరకూ ఎవరూ అడగలేదు అంది. మొగోళ్లనే కాదు తాతా, ఆడోళ్లను గూడ అడుగు అంది. అంటూ గోడ వైపు చూడలేదు. తన కాలి వేళ్ల వైపే చూసుకుంది. అడగడం దాకే తన పని అన్నట్టు, చెప్పి నాలుగడుగులు వెనక్కి వచ్చి నిలబడింది.

నాకు తెలిసి కుళ్లాయప్ప తాత కట్ట మీద కూర్చుని ఆడవాళ్ల గోడ వైపు తిరగడం అదే మొదలు. తిరగడానికి కూడా ఆయన మొత్తం మనిషి కదలాల్సి వచ్చింది.

"ఏమ్మా, ఆ పొద్దు ఆ పక్క ఎవరన్నా పోయినారా?"

పాలకేంద్రం లోపల ఖాళీ క్యాను ఒకటి దొర్లిన చప్పుడు. నేను భయపడ్డట్టే జరగబోతోంది, గంగక్క చెప్పదు, మేము మూట కట్టుకుంటాం అనుకున్నాను. కాలువల కింద ఏ గుడిసెలో ఉంటామో, అక్కడ పాపకు జ్వరమొస్తే ఎక్కడికి తీసుకుపోవాలో అన్నదాకా పోయింది నా బుద్ధి.

"నేను పోయినా."

గంగక్క కొంగు భుజం మీదికి లాక్కుంది. గొంతు మామూలుగా ఉంది, పెరుగు అమ్మడానికి వచ్చినప్పుడు ఉన్నట్టు.

"ట్రాక్టరు రావల్లని కంప నేనే తీసినా. మళ్లీ అడ్డం పెట్టలేదు. నరసింహప్ప తియ్యలేదు."

ఓబుళేసు మెడ తిప్పి చూశాడు. ఆయన లేస్తాడేమోనని నేను రెండడుగులు ఆమె వైపు వేశాను. వేశాక తెలిసింది, ఆంజినమ్మ కూడా వేసిందని. ఆయన లేవలేదు. మోకాలి మీద చెయ్యి అట్లాగే ఉంచుకుని అన్నాడు.

"నాతో చెప్పొద్దా?"

"నువ్వు అడిగినావా?" అంది గంగక్క.

*

తీర్పు కుళ్లాయప్ప తాత చెప్పాడు గానీ, దారి చూపింది మా ఆయనే. రెండు పక్కలా మరుపు ఉంది, పంట నష్టం మాత్రం ఒక పక్కే ఉంది, ఏం చేద్దామని తాత అడిగితే, నరసింహప్ప తువ్వాలు మళ్లీ భుజాన వేసుకుని, "ఓబుళేసన్నా, నీ చేన్లో మంద నిలుపుతా. నీకు చాలనిపించేదాకా నిలుపుతా. గింజలు వద్దు. పై ఏటికన్నా నేల నీకు బాకీ తీరుస్తాది" అన్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన నోట ఇన్ని మాటలు ఒక్కసారి విన్నది అప్పుడే.

ఓబుళేసు కాసేపు నేల గీకి, లేచాడు. "ముందు ఆ పొట్టేలును విప్పుకొని పో. మా దొడ్లో నిలబడినోళ్లను నిలబడినట్టు పొడుస్తాండాది" అన్నాడు. అప్పుడు నవ్వారు జనం. పోతూ పోతూ ఆయన హేమావతి దగ్గర ఆగాడు. ఏదో అంటాడనుకున్నాను. నా చేతిలోని చున్నీ వైపు వేలు చూపించి, ఇచ్చేయ్ పిల్లకు అన్నట్టు సైగ చేసి పోయాడు. దాన్ని తాడులా మెలిపెట్టి పట్టుకుని ఉన్నాననే స్పృహ నాకు అప్పుడు వచ్చింది.

ఇంటికి వస్తూ దారిలో, ఆమె చెప్పకపోయి ఉంటే ఏం చేసేదానివే అని అడిగాను.

ఏమీ చేసేదాన్ని కాదు అంది పాప. కాలువల కిందికి వచ్చేదాన్ని, పుస్తకాలు తెచ్చుకునేదాన్ని. రాత్రంతా దాని గురించే ఆలోచించానంది. నేనొక్కదాన్నే భయపడుతున్నాననుకున్నానే గానీ, అది కూడా నా పక్కనే పడుకుని భయపడిందని నాకు తెలియలేదు. దాని భయానికి చప్పుడు లేదు, అంతే.

మరుసటి రోజు బడిలో మల్లీశ్వరి మేడం మొదటి నుంచి చివరిదాకా చెప్పించుకుందట. అంతా విని, ముందు ఓబుళేసు పక్క చెప్తానన్నావు కదా, మరి మీ నాయన పక్క ఎప్పుడు చెప్పావు అని అడిగిందట. పాప నాలుక కరుచుకుందట. నిజమే, చెప్పనేలేదు. ఆ సంగతి సాయంత్రం ఇంట్లో చెబితే నరసింహప్ప గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని, నా పక్క చెప్పేదేముండాది పాపా, ఇదిగో ఇదే కదా అని దాని మూతి పైకెత్తి చూపించాడు.

దాసప్ప వాళ్లు ఆ గురువారం పొద్దున బయలుదేరారు. మేము ఓబుళేసు చేలో ఉన్నాం. మంద చుట్టూ పాతిన తడికెలు పెరికి, రాత్రి నిలిపిన చోటి నుంచి పక్క నేల చెక్కకు జరుపుతున్నాం. గంగక్క కూడా ఒక తడికె పట్టింది. అంతలో దాసప్ప మంద రోడ్డు నిండా దుమ్ము లేపుకుంటూ వచ్చింది. వెనకాల ఆయన భార్య తిరుపాలమ్మ, గాడిద మీద గిన్నెలూ బొంతలూ, ఆ మూటల నడుమ వాళ్ల చిన్నపిల్ల. ఆ పిల్ల నాలుగో తరగతి. వాళ్లకు ఎదురుగా బస్సు వచ్చింది. గొర్రెలు దాటేదాకా బస్సు ఆగింది. కిటికీలోంచి హేమావతి చెయ్యి బయటికి పెట్టి ఆ పిల్లతో ఏదో అంటోంది. చెయ్యి లోపల పెట్టవే అని అరవబోయాను. ఎందుకో అరవలేదు.

బస్సు కదిలి పోయింది. తిరుపాలమ్మ గట్టు దగ్గర ఆగి, ఇంక కరువు పెరుగుతాదే, ఈడ ఏం మేపుతారు, మీరు గూడ వచ్చేస్తే తోడుంటాది కదా అని అడిగింది. ఆమె అన్నది అబద్ధం కాదు. గుట్ట మీద గడ్డి అప్పటికే తెల్లబడింది. ఓబుళేసు చేను తర్వాత ఎవరు పిలుస్తారో మాకూ తెలియదు.

"మేము రాలేం తిరుపాలమ్మా" అన్నాను. "మా పాపకు బడి ఉండాది."

ఆమె గాడిద మీది తన పిల్ల వైపు ఒకసారి చూసుకుని, కట్టె ఎత్తి మందను అదిలించింది.